నీళ్లు ముగ్గకముందే చేపలు వేయమనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో మేడ మీద చేపలూ ఆకుకూరలూ కలిపి పెంచుకోవడం గురించి అరపేజీ వ్యాసం వేశారు. చేపల నీళ్లు మొక్కలకు పోయి, మళ్లీ చేపల తొట్టిలోకే వచ్చే ఈ పద్ధతిని ఆక్వాపోనిక్స్ అంటారనీ రాశారు. అద్దాల తొట్టిలో ఎర్ర చేపలు, పైన తెల్ల గొట్టాల్లో లెట్యూస్ ఆకులు, పక్కన నవ్వుతూ ఒకమ్మాయి. ఫోటో బాగుంది. (మన ఇళ్లల్లో లెట్యూస్ ఎవరు తింటారో నాకు తెలియదు.) చివర్లో మాత్రం "మట్టి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, శ్రమ లేదు, నెల తిరిగేసరికి పంట" అని ముగించారు. సోమవారం పొద్దున్నే మా వీధిలో ఒకాయన ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని మా గేటు తట్టాడు. వెయ్యి లీటర్ల టబ్బు బేరమాడి వచ్చాడట, మేడెక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలట. అందుకే ఈ ఉత్తరం.

నా గురించి రెండు ముక్కలు. మాది కైకలూరు దగ్గర పల్లె, కొల్లేటి వైపు. 1983లో మద్రాసు వచ్చి, రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో ఫిట్టరుగా చేరాను, 2020లో రిటైరయ్యాను. రైలు పెట్టెల కింద పడుకుని నట్లూ గొట్టాలూ బిగిస్తూనే ముప్పై ఏడేళ్లు గడిచాయి. ఇల్లు కొళత్తూరులో. ఈ ఊరు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, రంగుచేపల వ్యాపారానికి పేరుమోసిన పేట ఇది. గాలి కొట్టి మూతి కట్టిన సంచుల్లో చేపపిల్లలు, అద్దాల తొట్లు అతికే కొట్లు, మేత కొట్లు, ఎటు చూసినా ఇదే గొడవ. పుట్టింది కొల్లేటి దగ్గర, ఉంటున్నది చేపల పేటలో, చేతిలో గొట్టాల పని ఉంది. ఇంక నాకేం తక్కువ, ఇది నాకు మంచినీళ్ల ప్రాయం అనుకున్నాను. మూడేళ్లలో మూడుసార్లు తల బొప్పి కట్టింది.

ముందు ఆ పెద్దమనిషి టబ్బు సంగతి చెప్పేస్తాను, అది ప్రాణాల మీదికి వచ్చే విషయం కనక. లీటరు నీళ్లు కిలో బరువు. వెయ్యి లీటర్లంటే టన్ను. ఆయన కొనబోయిన టబ్బు అడుగున నాలుగడుగుల గుండ్రం, అంటే చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ. మనుషులు ఎక్కి తిరిగే మేడ చదరపు మీటరుకు 150 కిలోల బరువు మోసేలా కట్టాలని మన దేశపు నిర్మాణ ప్రమాణాల లెక్క. ఈయన పెట్టబోయేది చదరపు మీటరుకు దగ్గర దగ్గర 850 కిలోలు. అందులో కంకర లేదు, మొక్కల తొట్లు లేవు, ఉత్త నీళ్లే. ఇల్లు చూస్తే వాళ్ల నాన్నగారు కట్టించింది, ప్రతి వానాకాలం సీలింగు పెచ్చులూడుతుంది. గచ్చు మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించాను. "మరి నీళ్ల ట్యాంకు పైన లేదా అండీ?" అన్నాడు. ట్యాంకును గోడల మీదో దూలాల మీదో దిమ్మె కట్టి నిలబెడతారు బాబూ, నడి స్లాబు మీద దించరు అన్నాను. బేరం రద్దయింది. మీ వ్యాసంలో బరువు అన్న మాట ఒక్కచోటా లేదు. ఆయన మా వీధివాడు కాబట్టి సరిపోయింది.

నా మొదటి బొప్పి 2021లో. రిటైరై ఇంట్లో కూర్చుని, కరోనా రోజుల్లో బయటికి పోలేక, నగరంలో ఒక సంస్థవాళ్ల దగ్గర 11,500 రూపాయలు పోసి ఒక సెట్టు కొన్నాను. పేరు అనవసరం. అద్దాల తొట్టి, దాని మీద మూడు వరసల గొట్టాలు, మొక్కలకు ఇరవై కన్నాలు, అరచేతిలో పట్టేంత పంపు. బిగించి వెళ్లిన కుర్రాడు "రేపే చేపలు వేసుకోవచ్చు సార్" అన్నాడు. వేసుకున్నాను, పన్నెండు. నాలుగో రోజు పొద్దున చూస్తే అన్నీ నీటి మీదికి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మొప్పలు కందిపోయి ఉన్నాయి. గాలి అందడం లేదేమోనని గాలి పంపు ఇంకొకటి పెట్టాను. ఏడో రోజుకి పన్నెండూ పోయాయి. సంస్థకు ఫోన్ చేస్తే "మీ నీళ్లు బాగోలేదు సార్" అన్నారు. ఆ మాట నిజమే. ఎందుకు బాగోలేదో మాత్రం చెప్పలేదు.

ఎందుకో చెప్పినవాడు మా వీధి చివర చేపల కొట్టాయన. ఒక చిన్న సీసాలో నా తొట్టి నీళ్లు పట్టుకెళితే రెండు రకాల చుక్కలు వేసి, మూతపెట్టి ఊపి, ఐదు నిమిషాలు పక్కన పెట్టాడు. నీళ్లు చిక్కటి పచ్చరంగుకు తిరిగాయి. పసుపుగా ఉండాలట. అమ్మోనియా. అప్పుడన్నాడు, "మొదల్ల తణ్ణియ వళక్కణుం సార్, అప్పురందాన్ మీను" అని. ముందు నీళ్లను పెంచాలి, చేపలు ఆ తర్వాతేనట. ఈ ఒక్క మాట మీ అరపేజీలో ఉండి ఉంటే నేను ఇంత రాయనక్కర్లేదు.

ఆ మాటకు అర్థం ఇది. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది, తిని మిగిల్చిన మేత కుళ్లినా అమ్మోనియానే. అది చేపకు విషం. కంకర మీదా గొట్టాల లోపలి గోడల మీదా జిగురులా పట్టుకుని బతికే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా వచ్చి నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. అది చేపను పెద్దగా బాధించదు, మొక్కకు మాత్రం అన్నం. ఈ రెండు రకాలూ కొత్త తొట్టిలో ఉండవు. గాల్లోంచి, నీళ్లలోంచి వచ్చి చేరి, పెరిగి, చాలినన్ని కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మామిడికాయ గడ్డిలో పెట్టి ముగ్గబెడతాం చూడండి, అలా నీళ్లు ముగ్గాలి. పచ్చి నీళ్లలో చేపల్ని వేయడమంటే వాటి ఉచ్చలో వాటినే నానబెట్టడం. క్షమించండి, ఇంతకంటే మర్యాదగా చెప్పడం రాలేదు.

రెండోసారి సొంతంగా కట్టాను, పెరట్లో, నేల మీద. వాడిన 700 లీటర్ల ట్యాంకు ఒకటి పైభాగం కోయించి చేపలకు పెట్టాను. నీలం రంగు డ్రమ్ములు మూడు నిలువునా చీల్చితే ఆరు దోనెలు వచ్చాయి, అవి మొక్కలకు. డ్రమ్ము కొనేటప్పుడు ఇదివరకు అందులో ఏముండేదో అడిగి మరీ కొనండి. నేను పచ్చళ్ల కంపెనీ నుంచి వచ్చినవి ఏరుకున్నాను, నెలపాటు ఆవకాయ వాసన పోలేదు. దోనెల్లోకి మట్టిగుళికలు వాడమని అందరూ రాస్తారు. వాటి ధర అడిగి ఇంటికొచ్చేశాను. ఇళ్లు కట్టేవాళ్లు వాడే నల్ల కంకర, ఇక్కడ జల్లి అంటారు, అదే పోశాను. పోసేముందు నాలుగు రాళ్ల మీద వెనిగరు చుక్కలు వేసి చూడాలి. నురగ వస్తే సున్నపురాయి, అది నీటి పీహెచ్‌ను, అంటే నీళ్ల పులుపూ క్షారమూ చెప్పే కొలతను, పైకి తోస్తుంది. రాకపోతే మంచిది. కడిగేటప్పుడు మాత్రం ఎనిమిది నీళ్లకు గాని రాతిపొడి పోలేదు. నడుం పట్టేసింది.

చేపలు వేయకుండా రోజూ చిటికెడు మేత నీళ్లలో పడేసి కుళ్లనిచ్చాను. మనవడి పాత నోటుబుక్కులో రోజూ చుక్కల పరీక్ష రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందుంది. తొమ్మిదో రోజు అమ్మోనియా లీటరుకు 4 మిల్లీగ్రాములు. పదహారో రోజు నైట్రైట్ మొదటిసారి కనపడింది, సీసాలో నీలం పోయి వంకాయరంగు వచ్చింది. ఇరవై నాలుగో రోజున అమ్మోనియా సున్నా, నైట్రైట్ రంగు మాత్రం సీసా వెనక కాగితం కనపడనంత ముదురు. ఆ వారమంతా ఏమీ కదల్లేదు. మా ఆవిడ "ఉత్త నీళ్లకు పూజ చేస్తున్నారు" అని నవ్వింది. ముప్పై ఎనిమిదో రోజు పొద్దున రెండూ సున్నా, నైట్రేట్ 40. ఆ రోజు తేదీ కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీశాను, ఐసీఎఫ్‌లో పెట్టె పరీక్ష పాసైతే గీసినట్టు.

చెన్నై ఎండకూ చెన్నై నీళ్లకూ ఇంకో మెలిక ఉంది. మా బోరు నీళ్ల పీహెచ్ 8 దాటుతుంది. పీహెచ్ 7లో ఉన్న అమ్మోనియా కంటే 8లో ఉన్న అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పదింతలు. నీళ్లు వేడెక్కినకొద్దీ అది ఇంకా పెరుగుతుంది, పైగా వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టుకుంటే 30 డిగ్రీలలో ఏడున్నరే. అందుకే ఊటీలో ఎవరికో కుదిరిన కొలతలు మే నెల కొళత్తూరులో కుదరవు. మెట్రో వాటర్, అంటే నగరపు కుళాయి నీళ్లు, పట్టుకుంటే అందులో క్లోరిన్, అది చేపనూ చంపుతుంది, కష్టపడి పెంచిన బ్యాక్టీరియానూ చంపుతుంది. ఒక రోజు మూత లేకుండా ఎండలో ఉంచి పోస్తాను. నేను ఎక్కువగా వాడేది వాన నీళ్లు. 2003లో తమిళనాడులో ఇంటింటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు కట్టించిన సంపు ఇప్పుడు చేపలకు పనికొచ్చింది. వాన నీళ్లతో కూడా ఒక తంటా ఉంది. ఈ బ్యాక్టీరియా పనిచేసినకొద్దీ నీళ్లు పులుస్తాయి, వాన నీళ్లలో ఆ పులుపును విరిచే సున్నం ఉండదు. రెండో ఏడు పీహెచ్ 6 కిందికి జారి మొత్తం మందగించింది. గుడ్డ సంచిలో ఆల్చిప్పలు కట్టి ట్యాంకులో వేలాడదీశాక తేరుకుంది.

దోనెల్లో నీళ్లు నిండి, ఒక్కసారిగా దిగిపోవాలి, మళ్లీ నిండాలి. వేళ్లకు నీళ్లూ కావాలి, గాలీ కావాలి. దీనికి బెల్ సైఫన్ అనే అమరిక ఉంది. నిలువు గొట్టం మీద ఇంకో పెద్ద గొట్టం బోర్లిస్తారు, అంతే. కదిలే భాగం ఒక్కటీ ఉండదు. ఈ ఉత్తరంలో నాకు ఇష్టమైన చోటు ఇదే, కాస్త ఓపిక పట్టండి. నీళ్లు నిలువు గొట్టం అంచు దాటగానే లోపలి గాలిని ఈడ్చుకుపోతాయి, గుడగుడమని ఒక శబ్దం, ఇంక దోనె మొత్తం రెండు నిమిషాల్లో ఖాళీ. అడుగున గాలి చొరబడగానే ఠక్కున ఆగాలి. నాది ఆగేది కాదు. సన్నగా కారుతూనే ఉండేది, దోనె మళ్లీ నిండేది కాదు. మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నాను. పాత పెట్టెలకు వాక్యూమ్ బ్రేకులు ఉన్న రోజుల్లో పనిచేసినవాణ్ణి, గాలి ఎక్కడ దూరకూడదో తెలుసు. ఎక్కడ దూరాలో ఆలోచించలేదు. బోర్లించిన గొట్టం అంచుకు కాస్త పైన ఒక చిన్న కన్నం పెట్టి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించాను. ఆగింది. ఇప్పుడు రాత్రి పడుకుంటే ఆరు దోనెలూ ఒకదాని తర్వాత ఒకటి గుటకలు వేస్తుంటాయి. ఒక రాత్రి ఏదైనా గుటక రాకపోతే మెలకువ వచ్చేస్తుంది.

ఇదంతా అమెరికావాళ్ల కొత్త విద్య అన్నట్టు రాశారు. వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ అనే ఆయన తిలాపియా చేపలతో దీన్ని 1980ల నుంచి తీర్చిదిద్దిన మాట నిజం, ఆయనకో దండం. కాని మా చిన్నప్పుడు ఎండాకాలం చెరువు ఎండగానే నల్లటి ఒండ్రు ఎడ్లబండ్ల మీద పొలాలకు తోలేవాళ్లు. అది చేపల రెట్టా, గేదెల పేడా, నాచూ కలిసి ముగ్గిన మట్టి. ఆ ఏడు ఆ మడిలో వరి నల్లగా లేచేది. చేపల చెరువుల గట్ల మీద కొబ్బరీ అరటీ వేసేవాళ్లు, వాటికి విడిగా నీళ్లు పెట్టిన గుర్తు లేదు. నేను చేస్తున్నది ఆ బండి తోలకాన్ని గొట్టంలోంచి గంటకోసారి తోలడమే.

కూరల దగ్గరికొస్తే, బచ్చలి, పుదీనా, తూటికూర, తోటకూర విరగకాస్తాయి. తోటకూర విత్తిన ఇరవై ఐదో రోజుకి కోతకొస్తుంది. కొత్తిమీర చెన్నై ఎండకు ఆకు వేయకముందే పూతకొచ్చేస్తుంది, మార్గశిరం వచ్చేదాకా దాని జోలికి పోను. టమాటాకు పొటాష్ కావాలి, చేపల మేతలో అది చాలదు, కాయ పడింది గాని పసరు పోలేదు. ఇనుమూ చాలదు. లేత ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అదే రోగం, కీలేటెడ్ ఐరన్ అని పొడి దొరుకుతుంది, కాస్త కలపాలి. "ఎరువు అక్కర్లేదు" అన్నారు కాబట్టి ఇది చెబుతున్నాను. ఇక గోంగూర. ఈ తంతు అంతా నేను మొదలుపెట్టిందే దానికోసం. ఇక్కడ పుళిచ్చకీర అని అమ్ముతారు, రెండు రోజులు వాడిందే వస్తుంది. మా దోనెలో ఆకు అరచేయంత వచ్చింది. మా ఆవిడ పచ్చడి నూరి, నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "ఆకు బావుంది, పులుపే ఎక్కడో మర్చిపోయింది" అంది. నీళ్లెక్కువై అలా అయిందని నా అనుమానం. ఇప్పుడు గోంగూర కుండీలో మట్టిలో వేసి, ట్యాంకు అడుగున చేరే మడ్డి వారానికోసారి పోస్తున్నాను. పులుపు తిరిగొచ్చింది.

ఒక పొరపాటు కూడా ఒప్పుకోవాలి. పేనుబంక పట్టిందని వేపనూనె సబ్బునీళ్లలో కలిపి కొట్టాను. మన వేప ఎవర్నేం చేస్తుంది అనుకున్నాను. ఆకు మీద కొట్టింది కారి దోనెలోకి, దోనెలోంచి ట్యాంకులోకి పోయింది, మూడు చేపలు తిరగబడ్డాయి. వేపనూనె చేపలకు పడదు. అప్పట్నుంచీ పేనుబంకను ఉత్త నీళ్లధారతో కడగడమే. ఓసారి దోమల లార్వా చూడ్డానికి కార్పొరేషన్ నుంచి వచ్చిన అమ్మాయి మందు సీసాతో ట్యాంకు దాకా వచ్చేసింది. "ఒక్క నిమిషం అమ్మా" అని నా తొట్టి పక్క బకెట్టులో ఉన్న లార్వా ఒక చెంబుడు ట్యాంకులో పోశాను. కళ్లముందే ఖాళీ. ఆ అమ్మాయి నవ్వి, ట్యాంకును వదిలేసి, బకెట్టు పెట్టుకున్నందుకు మాత్రం నన్ను చీవాట్లు పెట్టి పోయింది.

ఇప్పుడు మీ వ్యాసంలో లేని రెండో మాట. కరెంటు.

2023 డిసెంబర్ 3, ఆదివారం. మిగ్‌జాం తుపాను. పొద్దుగూకేసరికి వాన కుండపోత, మళ్లీ పెరట్లోకి రాలేనని రెండు పూటల మేత ఒకేసారి వేసేశాను. అంతకంటే తెలివితక్కువ పని లేదు, తిన్న చేపకు గాలి ఎక్కువ కావాలి. అప్పటికి ట్యాంకులో 42 తిలాపియాలు, ఒక్కోటి పావుకిలో. తెల్లవారుజామున నాలుగింటికి గుటకలు ఆగి మెలకువ వచ్చింది. కరెంటు పోయింది. పెరట్లో మోకాలి లోతు నీళ్లు. టార్చి వేసి చూస్తే చేపలన్నీ పైకొచ్చి మూతులు బయటపెట్టి ఉన్నాయి. కొల్లేటి వైపు మబ్బు పట్టిన తెల్లవారుజామున చెరువులో చేపలు ఇలా తేలితే రైతులు కేకలు వేసుకుంటూ ఇంజన్లు వేసి నీళ్లు ఎగజిమ్మేవాళ్లు. నా దగ్గర ఇంజను లేదు, చెంబు ఉంది. నేనూ మా మనవడూ వంతులేసుకుని ట్యాంకులో నీళ్లే ముంచి ఎత్తు నుంచి పోశాం. మొక్కలకు నీళ్లు పోసే డబ్బా జల్లెడ మూతితో పోస్తే కాస్త నయం. సోమవారం పగలంతా, రాత్రంతా. భుజాలు పడిపోయాయి. చుట్టూ ఊరంతా నీళ్లే, ఆ నీళ్లు ట్యాంకు అంచుకు జానెడు కింద ఆగాయి. మంగళవారం ఆ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్కడ ఉంటున్న మా చెల్లెలు, ఫోను కలవగానే, "అన్నయ్యా, మీ దగ్గర పనైపోయి మా మీదికి పంపించావా" అంది. కరెంటు బుధవారం సాయంత్రం వచ్చింది. 17 మిగిలాయి. పోయిన 25 పూడ్చడానికి నేల కనపడదు, గోనెసంచిలో కట్టి మూడు రోజులు గేటు దగ్గర పెట్టుకున్నాం. ఆ వాసన నేను రాయను.

ఇప్పుడైతే గాలి పంపుకు బ్యాటరీది ఒకటి, ఇంటి ఇన్వర్టరు నుంచి ఒక తీగ ఉన్నాయి. అంతకంటే పెద్ద మార్పు చేపనే మార్చడం. నిజానికి తిలాపియా ఇష్టం వచ్చినట్టు పెంచేది కాదు, ప్రభుత్వ అనుమతి ఉండాలి. 1952లో మొదట మన దేశానికి తెచ్చిన ఈ జాతి చెరువుల్లో పడి పిల్లల మీద పిల్లలు పెట్టి నాటు చేపల తిండి లాక్కుంది. ఈ నిబంధన నాకు తెలిసింది ఆ తుపాను తర్వాతే, తెలిశాక మానేశాను. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయితే 2000 నుంచే నిషేధం. మీరేమో "మీకు నచ్చిన ఏ చేపైనా" అని రాశారు. 2024 ఫిబ్రవరిలో కొర్రమీను పిల్లలు 60 తెచ్చాను, ఇక్కడ విరాల్ అంటారు. కొర్రమీను పైకొచ్చి మనలా గాలి పీలుస్తుంది, కరెంటు పోయినా గాలి కోసం చావదు. ఆ మాటకొస్తే దాని సుగుణం అదొక్కటే. మేత ఖరీదు, నూటికి 40 పాళ్లు మాంసకృత్తులు ఉన్నది కావాలి. పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది, పదిహేను రోజులకోసారి సైజు చూసి విడదీయాలి. పైన వల కట్టకపోతే ఎగిరిపోతుంది. ఒక వాన సాయంత్రం ఒకటి కనపడలేదు. మర్నాడు తులసికోట వెనక తడిలో దొరికింది, బతికే ఉంది, నన్ను చూసి కోపంగా తోక కొట్టింది.

లెక్కలు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పంపు 25 వాట్లు, గాలి పంపు 10, రాత్రింబవళ్లు. ఇక్కడ రెండు నెలలకోసారి బిల్లు. ఆ రెండు నెలల్లో 50 యూనిట్లు వీటికే. ఇళ్లకు తమిళనాడు ఇచ్చే ఉచిత 100 యూనిట్లలో సగం చేపలు తినేస్తున్నాయి. నీళ్లు, ఎండాకాలంలో రోజుకు ఒక ప్లాస్టిక్ బిందెడు తగ్గుతాయి, వాటిని మళ్లీ పోయాలి. 2019 వేసవిలో చెరువులెండిపోయి లారీ కోసం రంగురంగుల బిందెలు వరసలో పెట్టి కూర్చున్న ఊరు ఇది. ట్యాంకు పెట్టిన రోజు మా ఆవిడ "మనుషులకే లేక చస్తుంటే" అని గొడవ పెట్టుకుంది. అంతకుముందు అదే జాగాలో మట్టిలో కూరలు వేసినప్పుడు మూడు బిందెలు పోసేదాన్నని ఆవిడే ఒప్పుకుంది, తర్వాత గొడవ లేదు. డబ్బు మాటకొస్తే చేపల మీద నాకు మిగిలిందేమీ లేదు, కాసిమేడు చేపల రేవుకు పోయి కొనుక్కుంటే ఇంతకంటే చవక. ఆకుకూర మాత్రం రెండేళ్లుగా కొనలేదు. పక్కవాళ్లకూ పంచుతున్నాం. "నెలకు ఇంత ఆదాయం" అని ఎవరైనా చెబితే, ఆయన అమ్మేది చేపలు కావు, సెట్లు.

నా మనవి ఇది. ఈ విషయం మీద మళ్లీ రాయించండి, తప్పకుండా రాయించండి, జనం చదువుతారు. రాసేవాళ్లను కనీసం రెండు నెలలు నడిచిన ఒక ట్యాంకు దగ్గరికి పంపండి, కొత్తగా బిగించినదాని దగ్గరికి వద్దు. మేడ బరువు, నీళ్లు ముగ్గే ఆరు వారాలు, కరెంటు పోయినప్పుడు ఏం చేయాలన్నదీ లేకుండా వేయకండి. సెట్లు అమ్మేవాళ్లు చుక్కల పరీక్ష సీసాలు పెట్టెలోనే ఇవ్వాలని మీలాంటివాళ్లు రాస్తే వింటారు. మాధవరంలో తమిళనాడు మత్స్య విశ్వవిద్యాలయానికి ప్రాంగణం ఉంది, మా కొళత్తూరుకు పక్కనే. చెరువు లేని మాలాంటి మేడవాళ్లకూ పెరటివాళ్లకూ ఒక పూట పాఠం చెప్పమని అడగడానికి మీ పత్రిక మాట సాయం కావాలి.

ఇంకొకటి. ఆరు వారాలు ఆగలేని వాళ్లకు దగ్గర దారి ఒకటుంది, అది అమ్మే సరుకు కాదు కాబట్టి ఎవరూ చెప్పరు. పాలు తోడుపెట్టడానికి పక్కింటి నుంచి చెంచాడు పెరుగు తెచ్చుకుంటాం కదా, అలాగే నడుస్తున్న ట్యాంకు నుంచి గుప్పెడు కంకర తెచ్చి కొత్తదాంట్లో వేస్తే ఆ బ్యాక్టీరియా వచ్చేస్తుంది. మా ఎదురింటి కుర్రాడికి అలా ఇస్తే పన్నెండో రోజుకే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకొచ్చాయి. కొళత్తూరు, విల్లివాక్కం, పెరంబూరు వైపు మన తెలుగువాళ్లు ఎవరికైనా కావాలంటే నా కంకర ఇస్తాను, డబ్బులేం వద్దు. చిరునామా మీ కార్యాలయానికి వేరే కాగితం మీద రాసి పంపాను, అచ్చు వేయకండి, అడిగినవాళ్లకు చెప్పండి. వచ్చేవాళ్లు మూతున్న బకెట్టులో సగం నీళ్లు పోసుకుని రావాలి, మెట్రో నీళ్లు కాకుండా. క్యారీ బ్యాగులో పొడిగా పట్టుకెళితే బస్సు దిగేసరికి అది ఇళ్లు కట్టుకునే జల్లి అయిపోతుంది.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
ఐసీఎఫ్ విశ్రాంత ఫిట్టరు,
కొళత్తూరు, చెన్నై